వ్రాఁతయు గీఁతయు: వేంగీదేశ పత్రములలో రేఖాచిత్రముల చరిత్రము

పత్రమనఁగా వ్రాఁతయే యని సామాన్యముగాఁ దలఁతురు. శాసనపరిశోధకులు లిపిని, భాషను, వంశావళిని పరీక్షింతురు. తాళపత్రగ్రంథముల పరిష్కర్తలు పాఠభేదములను లెక్కింతురు. ఆ పత్రములమీఁదనే యుండు ముద్రలు, చక్రములు, పటములు, కొలతగీఁతలు మాత్రము సూచీపుస్తకములలో నొక్కమాటతో ముగిసిపోవును. పెక్కుమాఱులు ఆ యొక్కమాటయు నుండదు. ఐనను వ్రాఁత చెప్పలేని దానిని గీఁత చెప్పుననుట ప్రతి పాఠశాలాపండితునకును ఎఱుకయే. సమకోణత్రిభుజమును నల్లబల్లపై గీయక వాక్యములతోనే బోధింపఁబూనినవాఁడు ఆ కష్టమును చక్కఁగా నెఱుఁగును.

నేఁడు కంప్యూటరుపైఁ బత్రము సిద్ధపఱచువాఁడు అక్షరములు కూర్చు చేతితోనే పటమును, చక్రమును, లెక్కల బొమ్మను ఆ పుటలోనే నిలుపఁగలుగుచున్నాఁడు. ఇది క్రొత్తవిద్య యని తోఁచును గాని దీని వెనుకనున్న ప్రశ్న ప్రాఁతది. గీఁత వ్రాఁతతోఁ గూడి చిరకాలము నిలుచుట కేమి కావలెను? ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి పరిసరములు గల వేంగీదేశము ఈ ప్రశ్నను విచారించుటకుఁ దగిన చోటు. శాలంకాయనుల కాలమునుండి నేఁటివఱకు ఇచ్చటఁ బుట్టిన పత్రములలోను, ఇచ్చటివారు వ్రాసిన పత్రములలోను గీఁత యెట్లు మెలఁగినదో చూచినచో నొక విషయము స్పష్టమగును. పత్రములలో గీఁత నిరుపయోగమగుట తఱచుగా గీచినవాని యసామర్థ్యమువలనఁ గాదు. వ్రాఁతకును దానికిని నడుమ నుండవలసిన బంధము తెగుటవలననే.

తామ్రశాసనములు

ఏలూరునకు ఉత్తరముననున్న పెదవేగియే ప్రాచీన వేంగీనగరము. క్రీ.శ. 4, 5 శతాబ్దులలో శాలంకాయనులు ఇచ్చటినుండి పాలించిరి. వారి తామ్రశాసనముల ముద్రపై వృషభము కలదు. తరువాత 624 ప్రాంతమున కుబ్జవిష్ణువర్ధనుఁడు స్థాపించిన తూర్పుచాళుక్యరాజ్యమున ముద్ర మఱింత సమృద్ధమైనది. తొలినాళ్ల ముద్రలలో విషమసిద్ధి యను బిరుదము చూపట్టును. తరువాతి ముద్రలలో త్రిభువనాంకుశ బిరుదముతోఁగూడ వరాహము, సూర్యచంద్రులు, అంకుశము, పద్మము కానవచ్చును.

ఈ ముద్ర కేవలాలంకారము గాదు. రాగిఱేకులకు రంధ్రముచేసి, వానిని వలయమునకుఁ గ్రుచ్చి, ఆ వలయము కొనలను ముద్రక్రింద నతికెడివారు. ఒక ఱేకును తీసివేయవలెనన్నను, క్రొత్త ఱేకును చేర్పవలెనన్నను వలయమును గోయవలెను. కోసినచో ఆ కోఁత కంటఁబడును. ఱేకులమీఁది సంస్కృతశ్లోకములు చదువలేని గ్రామీణుఁడును వరాహమును జూచి యది వేంగిరాజుల దానమని గుర్తింపఁగలఁడు. వ్రాఁత దానమును చెప్పును. బొమ్మ యా వ్రాఁతకు సాక్ష్యమిచ్చును. ఈ రెండింటికిని నడుమనున్న బంధము లోహమయమైనది. వేయేండ్లు గడచిన పిదప నేలలోనుండి వెలికివచ్చిన శాసనములలోఁ గూడ ముద్ర ఱేకులతోఁ గలసియే లభించుటకుఁ గారణమిదియే.

అయితే ఆ శాసనములలోనే మఱియొక భాగమును గమనింపవలెను. దానముచేసిన గ్రామమునకు లేదా క్షేత్రమునకు ఎల్లలు చెప్పునప్పుడు శాసనకర్త పటము గీయలేదు. తూర్పున నమ్మకమైన యొక చెఱువు, ఆగ్నేయమున నొక పుట్ట, దక్షిణమున నొక చింతచెట్టు, పడమటఁ బొరుగూరి పొలిమేర యనురీతిగా దిక్కుల వరుసను మాటలతోనే చెప్పెడివారు. ఎల్లలు కాలినడకను త్రొక్కి చూపవలసినవి గాని కంటితోఁ జదువవలసినవి కావు. ఆ చెట్టును, ఆ పుట్టను ఎఱిఁగిన పెద్దలు ఊరిలో నుండినంతకాలము ఆ వాక్యములకు అర్థము స్పష్టము. చెట్టు కూలి, చెఱువు పూడి, ఊరిపేరు మాఱిన పిదప వాక్యము నిలిచియే యుండును గాని యది చూపిన హద్దు నిలువదు. నేఁడు శాసనోక్తమైన గ్రామమునకుఁ దావు గుర్తించుటయే పరిశోధకులకుఁ బెద్దచర్చ యగుటకు ఇది ముఖ్యకారణము.

తాళపత్రములు, గణితక్షేత్రములు, బంధకవిత్వము

తాటియాకు గీఁతకు అనుకూలమైన వస్తువు గాదు. దాని వెడల్పు సామాన్యముగా అంగుళము మొదలు రెండంగుళముల లోపల నుండును. ఈనెల వెంబడి గంటము బలముగా సాఁగినచో ఆకు చీలును. పైఁగా నడుమ త్రాటికి రంధ్రము విడువవలెను. ఇట్టి యాకుపై యంత్రములను, జాతకచక్రములను గీచిన లేఖకులు లేకపోలేదు. కాని ఒక గ్రంథమును మఱియొక ప్రతికి ఎక్కించునప్పుడు అక్షరములు నేర్చిన చేయి గీఁతలు నేర్చియుండునని నిశ్చయములేదు. కాఁబట్టి శాస్త్రకర్తలు రెండు ఉపాయములను అవలంబించిరి.

మొదటిది గీఁతకు బదులుగా పేరు. క్రీ.శ. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుఁడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుఁగుపద్యములలోనికిఁ దెచ్చెను. మహావీరుని క్షేత్రగణితములో యవాకారము, మురజాకారము, పణవాకారము, వజ్రాకారము అను క్షేత్రములు కలవు. యవధాన్యపుగింజవలె నడుమ ఉబ్బి కొనలు సన్నగిల్లినది యొకటి. మద్దెలవలె నడుమ లావై కొనలు కుఱుచయైనది యొకటి. నడుము సన్నమైన పణవమువంటిది వేఱొకటి. పటము లేకపోయినను ఆ పేరు విన్న శిష్యుఁడు ఇసుకలో దానిని గీచుకొనఁగలఁడు. గీఁతను ఎక్కింపని లేఖకుఁడు గూడ పేరును ఎక్కించును. గీఁత పోయినను దాని జాడ పద్యములో దాఁగియుండును.

రెండవది గీఁతను నియమమునుండి పుట్టించుట. బంధకవిత్వమును పెక్కుమంది కేవలము చమత్కారమని త్రోసివేయుదురు. భారవి కిరాతార్జునీయము 15వ సర్గమునను, మాఘుఁడు శిశుపాలవధము 19వ సర్గమునను చిత్రకవిత్వమును చూపిరి. తెలుఁగులో గణపవరపు వేంకటకవి ప్రబంధరాజ వేంకటేశ్వర విజయ విలాసము ఈ విద్యకుఁ బేరొందినది. సర్వతోభద్రములో ఎనిమిదేసి యక్షరముల పాదములు నాలుగు. వానిని వరుసగా వ్రాసి, మరల క్రిందినుండి మీఁదికి వ్రాసినచో అఱువదినాలుగు గడుల చదరము ఏర్పడును. దానిని ఎడమనుండి చదివినను, కుడినుండి చదివినను, మీఁదినుండి చదివినను, క్రిందినుండి చదివినను అవే పాదములు వచ్చును. శార్దూలవిక్రీడితముతోఁ గూర్చు ఆఱాకుల చక్రబంధములో మొదటి మూఁడు పాదములు మూఁడు వ్యాసములమీఁద సాఁగును. ప్రతిపాదమునందలి పదియవ యక్షరము చక్రనాభిలో నొక్కటియే. నాలుగవ పాదము నేమివెంబడి తిరిగి బయలుదేఱిన యక్షరమునకే చేరును. మాఘుని చక్రములోఁ గవిపేరును కావ్యనామమును వలయములలోఁ జదువవచ్చును.

ఇందులో చమత్కారము కాక వేఱొక ప్రయోజనము గలదు. బంధచిత్రమును లేఖకుఁడు విడిచిపెట్టినను, నియమమెఱిఁగిన పాఠకుఁడు పద్యమునుండి చిత్రమును మరల గీయఁగలఁడు. చిత్రము గీచిన పిదప పద్యములో లేఖకదోషమున్నచో అది వెంటనే బయటపడును. చక్రనాభిలో మూఁడు పాదములకును ఒకే యక్షరము పొసఁగనిచో ఆ మూఁటిలో నేదో తప్పియున్నదని తెలియును. వ్రాఁత గీఁతను పుట్టించును; గీఁత వ్రాఁతను సరిచూచును. ఇట్లు బంధకవులు గీఁతకును వ్రాఁతకును నడుమ రాగివలయముకంటె గట్టిదైన బంధమును అక్షరములతోనే కల్పించిరి. తాళపత్రయుగమునకు ఇది యసామాన్యమైన సిద్ధి. కాని అది పద్యమునకే చెల్లినది. పొలిమేరపటమునకుఁ గాని, కాలువ నమూనాకుఁ గాని అట్టి నియమమును పద్యములోఁ బొదుగుట సాధ్యము గాదు.

కావలి సోదరులు, మెకంజీ సంగ్రహము

పటమును గ్రంథమునకుఁ దోడుగా నిలుపు విద్యలో ఏలూరివారికి ఒక విశేషస్థానము కలదు. 1815లో భారతదేశమునకుఁ దొలి సర్వేయరుజనరలైన కాలిన్ మెకంజీకి కుడిభుజమైనవారు ఏలూరికిఁ జెందిన కావలి సోదరులు. వేంకటబొఱ్ఱయ్య 1803లోఁ జిన్నవయసుననే మరణింపఁగా, అతని పని తమ్ముఁడు లక్ష్మయ్యపైఁ బడినది. గ్రామగ్రామమున కైఫీయతులు వ్రాయించుట, శాసనములకుఁ బ్రతులు తీయించుట, స్థలవృత్తాంతములు కూర్చుట వారి పనులు. ఆ పక్షముననే చిత్రకారులు శిల్పములను, కట్టడములను గీచెడివారు. 1816-17లలో అమరావతిస్తూపపు శిల్పములకుఁ దీయించిన చిత్రములు ఆ శిల్పములలోఁ బెక్కు చెదరిపోయిన పిదప పరిశోధకులకు గొప్ప ఆధారములైనవి.

1821లో మెకంజీ మరణించిన పిదప ఆ సంగ్రహమును ఈస్టిండియాకంపెనీ కొనెను. అంతట వ్రాఁతకును గీఁతకును వియోగము కలిగెను. తెలుఁగు మొదలగు దేశభాషల వ్రాఁతప్రతులు చాలవఱకు మద్రాసులో నిలిచినవి. చిత్రములు, పటములు లండనునకు సాఁగిపోయినవి. ఒకే సంచారములో ఒకే పక్షము సంపాదించిన రెండు సగములు రెండు ఖండములలోఁ బడినవి. కైఫీయతును చదువువానికి చిత్రము కనఁబడదు. చిత్రమును చూచువానికి కైఫీయతు వినఁబడదు. ఇరువురును పండితులే యైనను ఇరువురికిని దొరకినది సగమే. ఇటీవల కొన్ని చిత్రములు కంప్యూటరు తెరపైఁ జూచుటకు వీలైనవి గాని, ఏ చిత్రము ఏ వ్రాఁతకుఁ జెందినదో తెలుపు కట్టు పెక్కుచోట్ల మరల నేర్పఱుపవలసియే యున్నది.

ఈ సోదరులలోని రామస్వామి 1828లో కలకత్తాలో దక్కనునగరములను, స్థలములను వర్ణించు నొక యింగ్లీషు గ్రంథమును ప్రకటించెను. ప్రాచీన దక్కనుపటమునకు ఆధారగ్రంథముగా నుండవలెనని దానిని సంకల్పించెను. ఇది మిక్కిలి గమనింపఁదగిన విషయము. సామాన్యముగా పటము గ్రంథమునకు సేవచేయును. ఇచ్చట గ్రంథము పటమునకు సేవచేయుటకుఁ బుట్టినది. పటముమీఁది ప్రతి పేరును గ్రంథములోని వర్ణనకు ద్వారమగును. తామ్రశాసనముల యెల్లలను వాక్యములలోనే చదివిన దేశమునందుఁ బుట్టినవాఁడు పటమునకు వివరణగ్రంథము వ్రాయుట, పత్రచరిత్రలో నొక మలుపు.

కాలువలు, పొలముల కొలతలు

ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. దానివలనఁ గాలువలు పుట్టినవి. కాలువలతోఁ గూడ వేఱొక విధమైన పత్రములు పుట్టినవి. తాడేపల్లిగూడెమునకుఁ జేరువ నందమూరుకడ ఏలూరుకాలువ యెఱ్ఱకాలువను దాఁటును. ఈ స్థలమును పటములో గీచినచో రెండు నీలిగీఁతలు ఒకదాని నొకటి ఖండించుకొన్నట్లు మాత్రమే కనఁబడును. ఏది మీఁద, ఏది క్రింద? రెండు నీళ్లు కలియునా కలియవా? పటము చెప్పలేదు. నిలువున కోసి చూపిన ఛేదచిత్రము గీచినప్పుడే కట్టడపు కమానులక్రింద వాఁగు పాఱుచున్నదనియు, పైనున్న తొట్టిలోఁ గాలువ సాఁగుచున్నదనియు స్పష్టపడును. ఒక్క వస్తువునకు రెండు గీఁతలు కావలసివచ్చుటయు, ఆ రెండును ఒకే కట్టడమునకుఁ జెందినవని వ్రాఁత చెప్పవలసివచ్చుటయు ఈ దేశపు టింజనీర్ల పత్రములలో నిత్యవిషయము.

రెవెన్యూపత్రములలో నింతకంటె సరళమైన, గట్టియైన యేర్పాటు కుదిరినది. 19వ శతాబ్ది యుత్తరార్ధమున మద్రాసు రాజధానిలో పొలములు గొలుసుతోఁ గొలువఁబడి, ప్రతిపొలమునకును సర్వేనంబరు వచ్చెను. గ్రామపటము ఊరినెల్ల చూపును. క్షేత్రమాపన పుస్తకములోని యొక్కొక్క పుట ఒక్కొక్క నంబరు పొలమును కొలతలతోఁ జూపును. అడంగలులో ఆ నంబరునకు ఎదుట రైతుపేరు, విస్తీర్ణము, పైరు వ్రాయఁబడును. 1984లోఁ గరణముల పదవులు రద్దగువఱకు ఆ లెక్కలు కరణము చేతనుండినవి. కరణము పటము గీచినవాఁడు గాఁడు. పటము గీచినవాఁడు పైరు వ్రాయువాఁడు గాఁడు. ఐనను ఆ రెండు పత్రములును ఒక్కటిగానే పనిచేసినవి. కారణము నంబరు. పటముమీఁద 112 అని యున్నచోటే అడంగలులోఁ 112 అని యున్నది. చాళుక్యుల రాగివలయము చేసినపనిని మూఁడంకెలు చేసినవి. చేయి మాఱినను, కార్యాలయము మాఱినను, ప్రతి మాఱినను ఆ బంధము తెగలేదు. పొలము విభక్తమై క్రొత్త యుపనంబరును పటముమీఁద నెక్కింపకపోయినప్పుడే తగవులు పుట్టినవి. ఆ తగవులును ఇదే సూత్రమును రుజువుచేయుచున్నవి.

అచ్చుపని, మైనపుకాగితము

అచ్చుయంత్రము వచ్చినప్పుడు గీఁతకు మరల వియోగమే కలిగెను. ఐరోపాలో యూక్లిడు క్షేత్రగణితమును 1482లో వెనిసునగరమున నచ్చొత్తిన రాట్‌డోల్టు, బొమ్మలను పుటల యంచులలో నిలిపి యందఱను ఆశ్చర్యపఱచెను. అంతవఱకు అక్షరముల నడుమ క్షేత్రముల గీఁతలను కూర్చుట దుష్కరమని ముద్రాపకులు వెనుదీసియుండిరి. అదే దుష్కరత తెలుఁగు ముద్రణాలయములలోను ఉండెను. అక్షరములు విడివిడి యచ్చులు. బొమ్మ యొక్క దిమ్మ. అక్షరముల యెత్తునకు సరిగా బ్లాకును కొయ్యపై బిగింపవలెను. బ్లాకు వేఱుచోట, వేఱు చేతులతోఁ దయారగును. దానిలో నొక పేరు తప్పుపడినచో కంపోజిటరు దానిని దిద్దలేఁడు. బ్లాకునే మరల చేయింపవలెను. రాగిఫలకముపైఁ జెక్కిన పటమైనచో అక్షరములతోఁ గూడ నచ్చుపడదు. వేఱుకాగితముపై నొత్తి, కుట్టునప్పుడు గ్రంథములోఁ జేర్పవలెను. ప్రాఁతపుస్తకములలో మొదట నూడిపోవునవి అట్టి పటములే.

ఈ కష్టములు తెలిసియు, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి తెలుఁగున శాస్త్రగ్రంథములను ప్రకటింప సాహసించెను. శాస్త్రమును తెలుఁగులోఁ జెప్పుట యనఁగా పరిభాషను కల్పించుట మాత్రమే కాదు. పరికరమునకును, జంతుశరీరమునకును, మొక్కకును గీచిన బొమ్మలోని భాగములకుఁ దెలుఁగు పేళ్లు పెట్టుట గూడ. వాక్యములో హృదయము, ధమని, సిర యని వ్రాసి, బొమ్మలో వేఱుభాష పేళ్లుంచినచో విద్యార్థి రెండు పాఠములు చదువవలసివచ్చును. బ్లాకుల కాలములో ఆ లోపమునకు సాకు కలదు, దిద్దుట వ్యయసాధ్యము.

పెద్ద ముద్రణాలయములకు దూరముననున్న పాఠశాలలలో మాత్రము వేఱొక సాధనము చిరకాలము నిలిచెను. ప్రశ్నపత్రములు సైక్లోస్టయిలుపై తీయుటకు ఉపాధ్యాయులు మైనపు స్టెన్సిలుకాగితముపై ఇనుపకలముతో గీచెడివారు. అదే కలముతో ప్రశ్న వ్రాసి, అదే కలముతో త్రిభుజము గీచి, శీర్షములకు పేళ్లు పెట్టెడివారు. ఇనుపకలము గంటమువంటిదే, మైనపుపొర తాటియాకువంటిదే. ఐనను ఆకుకు లేని వెడల్పు ఇందుఁ గలదు. ముద్రణాలయములు విడఁదీసిన వ్రాఁతను గీఁతను పల్లెపాఠశాల యుపాధ్యాయుఁడు ఒకే చేతితోఁ గలిపెను. తెలుఁగు టైపురైటరు సయితము ఈ పని చేయలేదు. అది బొమ్మకుఁ దావు ఖాళీగా విడిచి, కలమునకే దానిని అప్పగించినది.

కంప్యూటరుపత్రము

కంప్యూటరు వచ్చిన తొలిదినములలో తెలుఁగువారికి ముందుగా అక్షరములే సమస్య. 1991లో భారతీయలిపుల సంకేతప్రమాణమగు ఇస్కీ వెలువడినది. ఆ సంవత్సరమే యూనికోడు తొలిప్రతిలోఁ దెలుఁగునకుఁ జోటు దొరకినది. కాని డి.టి.పి. కేంద్రములలోఁ జిరకాలము అను ఫాంట్లు, పేజిమేకరు రాజ్యమేలినవి. ఆ ఫాంట్ల సంకేతములు వానికే చెందినవి. ఫాంటు లేని కంప్యూటరులోఁ దెఱచినచో తెలుఁగుపుట గజిబిజి గుఱుతులుగా మాఱిపోవును. ఈ భయముచేత పెక్కుమంది పుటను బొమ్మగా మార్చి పంపసాఁగిరి. ఇది పత్రచరిత్రలో విపరీతము. ఇంతవఱకు గీఁతకు పట్టిన గతి యిప్పుడు అక్షరమునకుఁ బట్టినది. బొమ్మగా మాఱిన యక్షరమును వెదకుటకుఁ గాని, దిద్దుటకుఁ గాని వీలుండదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చుట మొదలుగా యూనికోడుతెలుఁగు సామాన్యుల కందుబాటైనది.

అక్షరములు కుదుటపడిన పిదప గీఁతల విషయము ముందునకు వచ్చినది. 2007లో ఏర్పడి వెంకటరామన్నగూడెమున నెలకొన్న ఉద్యానవిశ్వవిద్యాలయమును, 2015లో మొదలైన తాడేపల్లిగూడెపు జాతీయ సాంకేతిక విద్యాసంస్థయు ఈ పట్టణపరిసరములలో పటములు, ఛేదచిత్రములు, లెక్కలబొమ్మలు లేక సాఁగని విద్యలకు నిలయములు. అట్టి వ్యాసమును వర్డ్ ప్రాసెసరులో సిద్ధపఱచు విద్యార్థి లేఖకుఁడును, చిత్రకారుఁడును, కంపోజిటరును తానే. మైనపుకాగితముపైఁ బల్లెటూరి యుపాధ్యాయునకున్న స్వాతంత్ర్యము అతనికిఁ బదిరెట్లుగా లభించినది. కాని స్వాతంత్ర్యముతోఁ గూడ పూర్వుల బాధ్యతలును లభించినవి. అవి నాలుగు.

మొదటిది బొమ్మయొక్క ప్రకృతి. కంప్యూటరులో బొమ్మలు రెండు తెఱఁగులు. ఒకటి చుక్కలబొమ్మ, ఛాయాచిత్రమువలె లెక్కలేని చుక్కలకూర్పు. పెంచినచో చుక్కలు బయటపడి గీఁత మసకబాఱును. రెండవది రేఖలబొమ్మ, ఈ బిందువునుండి ఆ బిందువువఱకు గీఁత, ఈ కేంద్రమునుండి ఇంత దూరమున వృత్తము అను నియమముగానే దాఁచఁబడును. ఎంత పెంచినను చెదరదు. బంధకవులు నియమమునుండి చిత్రమును మరల పుట్టించినట్లే ఇదియు ప్రతిసారి నియమమునుండి పుట్టును. కాలువ ఛేదచిత్రమునకు, క్షేత్రగణితమునకు, పటమునకు రేఖలబొమ్మయే తగినది. శిల్పమునకు, ముద్రకు, తాళపత్రమునకు ఛాయాచిత్రము తగినది.

రెండవది లంగరు. వర్డ్ ప్రాసెసరులో బొమ్మను పుటకుఁ గాని, పేరాకుఁ గాని, అక్షరమునకుఁ గాని కట్టవచ్చును. పుటకుఁ గట్టిన బొమ్మ, ముందు పేరాలో రెండు వాక్యములు చేర్చఁగానే తన వ్యాఖ్యానమునుండి దూరమగును. వ్రాఁత సాఁగిపోవును, బొమ్మ యచ్చటనే నిలిచిపోవును. దేనిని వివరించుటకు గీచిరో ఆ పేరాకే లంగరువేసిన బొమ్మ దానితోఁగూడఁ గదలును. మెకంజీ సంగ్రహమునకు సముద్రముల నడుమఁ గలిగిన వియోగమే చిన్నపాటి రూపమున ప్రతిదినము విద్యార్థి వ్యాసములో రెండు పుటల నడుమ కలుగుచున్నది.

మూఁడవది నంబరు. క్రింది బొమ్మ, ప్రక్క పటము అని వ్రాసినచో పుట మాఱఁగానే ఆ మాట యబద్ధమగును. బొమ్మకు సంఖ్యనిచ్చి, వాక్యములో ఆ సంఖ్యనే చెప్పినచో బంధము నిలుచును. నడుమ క్రొత్తబొమ్మ చేర్చినపుడు సంఖ్యలను సాఫ్టువేరే సవరించునట్లు నిర్దేశింపవచ్చును. సర్వేనంబరు శతాబ్దమునకుఁ బైగా చేసినపని యిదియే.

నాలుగవది పేరు. బొమ్మలోని భాగములకుఁ దెలుఁగుపేళ్లను యూనికోడక్షరములతోనే యుంచినచో వానిని వెదకవచ్చును, దిద్దవచ్చును. బ్లాకులకాలపు సాకు నేఁడు లేదు. మఱియు చూపులేని పాఠకునికై బొమ్మవెనుక నొక వివరణవాక్యమును దాఁచు వసతి గలదు. యంత్రము దానిని చదివి వినిపించును. యవాకారము, మురజాకారము అని క్షేత్రములకుఁ బేళ్లిడినవారి యుపాయము వేయేండ్ల పిదప ఈ వేషమున మరలివచ్చినది.

కొల్లేటి గీఁత

ఈ విచారము పండితగోష్ఠికే పరిమితము గాదనుటకు కొల్లేరే సాక్ష్యము. కృష్ణాగోదావరుల డెల్టాల నడుమ నున్న ఈ సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి చేరును; ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకుఁ గొనిపోవును. 1999లో ప్రభుత్వము +5 అడుగుల కాంటూరువఱకు గల ప్రదేశమును, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, వన్యప్రాణి అభయారణ్యముగాఁ బ్రకటించెను. 2002లో కొల్లేరు రాంసారు చిత్తడినేలల పట్టికలోఁ జేరెను. 2006లో ఆ గీఁత లోపలి చేపలచెఱువుల గట్లు తెగఁగొట్టఁబడినవి. 2008లో శాసనసభ ఆ హద్దును +3 కాంటూరునకుఁ దగ్గింపఁగోరి తీర్మానించెను.

కాంటూరనఁగా సముద్రమట్టమునుండి సమానమైన యెత్తునఁ గల తావులను కలుపు గీఁత. అది పటముమీఁదనే కలదు, నేలమీఁద లేదు. అచ్చట చింతచెట్టు లేదు, పుట్ట లేదు, పొలిమేరఱాయి లేదు. చాళుక్యశాసనపు టెల్ల నేలమీఁదఁ గానవచ్చెడిది, పత్రములో గీయఁబడలేదు. కొల్లేటి యెల్ల పత్రములో గీయఁబడినది, నేలమీఁదఁ గానరాదు. ఒకదానికి గీఁత కొఱత, రెండవదానికి వ్రాఁత కొఱత. ఉత్తరువులో +5 అని యొక యంకె యుండి, పటములో నొక వంపుగీఁత యుండి, ఆ గీఁత ఏయే సర్వేనంబర్లగుండఁ బోవుచున్నదో గ్రామస్థుని భాషలోఁ బటముమీఁదనే లేకున్నచో, తన మడి లోపలనున్నదో వెలుపలనున్నదో అతఁడు తెలిసికొనలేఁడు. పక్షులను కాపాడఁదలఁచువానికిని, చెఱువుగట్టుపై బ్రతుకువానికిని ఒకే పత్రము కావలెను. ఆ పత్రములో గీఁత, నంబరు, పేరు మూఁడును గలసియుండవలెను.

కాఁబట్టి పరిశోధకులకును, పాఠశాలాపండితులకును కర్తవ్యములు తోఁచుచున్నవి. వ్రాఁతప్రతుల సూచీపుస్తకములలో నేయే పత్రమున నేయే గీఁతలు గలవో, అవి యే పద్యమునకు లేదా యే వాక్యమునకుఁ జెందినవో వేఱుగాఁ జూపవలెను. బంధపద్యములను ముద్రించునప్పుడు చిత్రమును మరల గీచి పాఠమును దానితో సరిచూడవలెను. శాసనముల యెల్లలను గుర్తించిన పరిశోధకుఁడు తన నిర్ణయమును సర్వేనంబర్లు గల పటముతోఁ బ్రకటింపవలెను. పాఠశాలలో కంప్యూటరుపై వ్యాసరచన నేర్పునప్పుడు అక్షరకూర్పుతో నాఁగక, బొమ్మను పేరాకుఁ గట్టుట, దానికి సంఖ్యనిచ్చుట, భాగములకుఁ దెలుఁగుపేళ్లు పెట్టుట, చూపులేనివారికి వివరణ చేర్చుట గూడ నేర్పవలెను. ఇవి యంత్రవిద్యలో భాగములని పండితులు ఉపేక్షింపరాదు. పాఠపరిష్కరణమున కెంత శ్రద్ధ కావలెనో వీనికిని అంత శ్రద్ధయే కావలెను.